కారణాల గడి

లెక్కల టీచరుకి పిరికిదని పేరు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లెవరూ కాదు, ఇంట్లో ఉన్న అత్తగారే. కుక్క మొరిగితే టీచరు రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. పోలీసు ఎదురైతే చేయని తప్పుకి చెమటలు పట్టేస్తాయి. "దీన్ని చూస్తే పిల్లలకి హడలట. ఇదేమో బల్లిని చూసి మంచం ఎక్కుతుంది" అని వచ్చినవాళ్లందరికీ అత్తగారు చెప్పుకుని నవ్వేది. వచ్చేవాళ్లు మాత్రం ఎంతమందిలే! పరాయి దేశం, పరాయి భాష, మూడో అంతస్తులో రెండు గదులు.

భర్త పోయిన ఏడాదికి ఆమెకి ఈ దేశంలో ఒక హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. అత్తగారికి కోడలు తప్ప దిక్కు లేదు, కోడలికి అత్తగారు తప్ప దిక్కు లేదు. ఒకరినొకరు సాధించుకోవడానికి వీలుగా ఉంటుందని ఇద్దరూ కలిసే బయల్దేరారు. తొమ్మిదేళ్లు గడిచాయి. కోడలు ఇక్కడి భాష మాట్లాడటం, చదవడం, రాయడం అన్నీ నేర్చుకుంది. అత్తగారు ఒక్క ముక్క నేర్చుకుంటే ఒట్టు. కింద దుకాణంలో తెలుగులోనే బేరమాడి, గెలిచి మరీ పైకి వచ్చేది.

టీచరుకి ఒక అలవాటుంది. అలవాటనడం కంటే పట్టుదల అనాలి. వచ్చినవాడికి ఒక గుర్తు, రానివాడికి ఒక సున్నా పెట్టి ఊరుకోవడం ఆమెకి చేతకాదు. రానివాడు ఎందుకు రాలేదో తెలియాలి. ఆమె నాన్న కూడా బడిపంతులే, ఆయన నేర్పిన పద్ధతి ఇది. స్కూలువాళ్లు ఇచ్చే హాజరు పట్టీలో కారణానికి చోటు ఉండదు. అందుకని ఏటా సొంతంగా ఒక పెద్ద పుస్తకం కొని, స్కేలు పెట్టి గీతలు గీసి, చివరన ఎర్ర సిరాతో ఒక గడి చేర్చేది. జ్వరం, పంటినొప్పి, అమ్మమ్మ పోయింది, అక్కకి పురుడు, నిద్ర లేవలేదు. ఇలా ఉండేవి ఆ గడిలో కారణాలు. పిల్లల పేర్లు ఇక్కడి లిపిలో రాసేది, కారణాలు మాత్రం తెలుగులో. మొదటి ఏడాది ఇక్కడి రాత చేతికి తిరక్క అలా మొదలుపెట్టింది, తర్వాత అదే ఉండిపోయింది. పిల్లలు ఆ గుండ్రటి అక్షరాలు చూసి మేడమ్ లేసు అల్లుతున్నారని నవ్వుకునేవారు. కొత్తగా చేరిన టీచర్లకి ఆమె ఆ పుస్తకం తెరిచి, "ఇవి కారణాలు" అని గర్వంగా చూపించేది. పాపం, అంతకంటే గర్వపడటానికి ఆమెకి ఏముంది గనక.

ఆ సంవత్సరం దేశం అట్టుడికిపోయింది. గద్దె మీద ఉన్నవాళ్లు దిగిపోవాలని ఊళ్లకి ఊళ్లు రోడ్డెక్కాయి. ఒక గురువారం చదువుకునే పిల్లలందరూ ఊరేగింపు తీస్తారని గోడల మీద కాగితాలు వెలిశాయి. టీచరు అవి చదవనట్టే నడిచిపోయింది. ఆ గురువారమే ఆమె పై తరగతికి లెక్కల పరీక్ష పెట్టింది.

ఆ రోజు నలభై ఒక్క మందిలో పద్దెనిమిది మందే వచ్చారు. టీచరుకి ఒళ్లు మండింది. పరీక్ష ఎగ్గొట్టడమే! పుస్తకం తెరిచి, ఎప్పటిలాగే క్లాసు లీడరుని లేపింది. ఆ లీడరు రెండు జడల పిల్ల. ఎవరింట్లో ఎవరికి తుమ్ము వచ్చినా ఆ పిల్లకి తెలుస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క పేరుకీ గలగలా కారణం అప్పజెప్పింది. బస్సులు నడవనందువల్ల రానివాళ్లు పన్నెండు మంది. ఊరేగింపుకి వెళ్లినవాళ్లు పదకొండు మంది. టీచరు పన్నెండు పేర్లకి "బస్సు లేదు" అని, పదకొండు పేర్లకి "ఊరేగింపు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. రాసి, పుస్తకం టీచర్ల గదిలో తన సొరుగులో పెట్టి, తాళం వేసి ఇంటికి వచ్చింది.

మధ్యాహ్నం ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. సాయంత్రానికి కర్ఫ్యూ పెట్టారు. మర్నాటికల్లా స్కూల్లో సైన్యం దిగింది.

కర్ఫ్యూ అంటే ఏమిటో అంతవరకూ టీచరుకి తెలియదు. రోజుకి రెండు గంటలు, పది నుంచి పన్నెండు వరకూ సడలింపు. మిగతా ఇరవై రెండు గంటలూ కిటికీ తలుపులు వేసుకుని కూర్చోవాలి. కింద మైకు పెట్టుకున్న బండి తిరుగుతూ ఉంటుంది. అది వినిపించినప్పుడల్లా ఆమె గది మధ్యకి జరిగి నిలబడేది, ఆ గొంతుకి తను కనబడుతుందేమో అన్నట్టు. అత్తగారు మాత్రం కిటికీ సందులోంచి తొంగిచూసి, "ఏమంటున్నాడే?" అని అడిగేది. "బయటికి రావద్దంటున్నాడు అత్తయ్యా." "రమ్మన్నా నేను రానని చెప్పు."

నాలుగో రోజు పొద్దున టముకు వచ్చాడు.

టముకు అన్నది అత్తగారు పెట్టిన పేరు. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న తెలుగువాడు. వ్యాను ఉంది. హాస్టళ్లకి, ఆసుపత్రులకి కూరగాయలు వేస్తాడు. మనసు మంచిదే కానీ, విన్నది మూడు వీధులకి చెప్పందే అతనికి అన్నం అరగదు. ఆదివారం ఆదివారం వచ్చి, అత్తగారికి ఎవరో పంపే పాత వారపత్రికలు తీసి, సీరియల్ కథలు పైకి చదివి వినిపించేవాడు. ఆవిడకి చూపు ఆనదు. అతనేమో ఆడవాళ్ల మాటలు సన్న గొంతుతో, మగవాళ్ల మాటలు లావు గొంతుతో చదివి, ఏడవాల్సిన చోట నిజంగా ఏడ్చేవాడు. టీచరు లోపలి గదిలో పేపర్లు దిద్దుకుంటూ, తలుపు దగ్గరగా వేసుకునేది.

ఆ రోజు కూరగాయల సంచీ గుమ్మంలో దించుతూనే మొదలుపెట్టాడు.

"పిన్నిగారూ, స్కూలు ఇంక స్కూలు కాదండీ. దండు దిగింది. మూడు రోజుల్నుంచి కూరలు నేనే వేస్తున్నా. కింద గదుల్లో బీరువాలన్నీ పగలగొట్టేశారు. హాజరు పట్టీలన్నీ హెడ్మాస్టరు బల్ల మీద గుట్ట పోశారు. గురువారం ఎవరు రాలేదో ఒక ఆఫీసరు కూర్చుని చూస్తున్నాడు."

"చూసి ఏం చేస్తాడు నాయనా?"

"అదే తేలట్లేదుట. బస్సులు కూడా లేవు కదా ఆ రోజు. ఎవడు బస్సులేక మానేశాడో, ఎవడు ఊరేగింపుకి పోయాడో పట్టీ చూస్తే ఎలా తెలుస్తుంది? తల పట్టుకుని కూర్చున్నాడు. రేపు మధ్యాహ్నం పై అంతస్తులో టీచర్ల గది తెరుస్తారట." గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తే మెట్లదాకా మాత్రమే వినిపిస్తుంది. "పక్క స్కూల్లో ఇద్దరు పిల్లల్ని పట్టుకుపోయారు పిన్నిగారూ. ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఒకడి తల్లి గేటు దగ్గర కూర్చుండిపోయింది. కర్ఫ్యూ అని లాగినా లేవట్లేదు."

వంటగదిలో టీచరు చేతిలోంచి గ్లాసు జారింది. స్టీలుది కాబట్టి పగల్లేదు.

ఆ ఆఫీసరుకి పట్టీలో దొరకనిది సరిగ్గా ఆమె సొరుగులో ఉంది. పేరు పేరునా, ఎర్ర గడిలో, తేదీతో సహా. తెలుగులో ఉంది కదా, ఎవరు చదువుతారు అనుకోబోయింది. ఆ ఊళ్లో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ ఆ నిమిషంలో ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లలో ఒకడు రోజూ ఆ స్కూలు గేటులోంచి లోపలికి వెళ్లి వస్తాడు, అడిగినవాడికీ అడగనివాడికీ అన్నీ చెబుతాడు.

ఆమె పమిట చెంగుతో మొహం తుడుచుకుని బయటికి వచ్చింది. "అన్నగారూ, రేపు నన్ను మీ వ్యానులో స్కూలుకి తీసుకెళ్తారా? పరీక్ష పేపర్లు ఉండిపోయాయి. దిద్దాలి."

"ఈ గొడవలో పేపర్లేమిటి చెల్లెమ్మా!" అన్నాడు టముకు. మళ్లీ తనే, "దానికేముంది, ముందు సీటు ఖాళీయేగా" అన్నాడు.

అతను మెట్లు దిగిన చప్పుడు ఆగాక, టీచరు అత్తగారి పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పింది.

"నీ ఎర్ర గీతలు తగలెయ్య! ఊరేగింపు అని రాశావా? రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే?"

"అప్పటికి కాల్పులు జరగలేదు అత్తయ్యా. పరీక్ష ఎగ్గొట్టారని కోపంలో రాశాను."

"నువ్వు వెళ్లకపోతే?"

"రేపు మధ్యాహ్నం సొరుగు పగలగొడతారు."

"వెళ్తే?"

టీచరు సొరుగు తాళంచెవి తీసి సంచీలో వేసుకుంది.

"వాళ్లేమైనా నీ కడుపున పుట్టారా?"

"లేదు. పేర్లు రాసింది నేను కదా."

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం కోడలు ఎప్పుడూ చూడలేదు, కొడుకు పోయిన రోజు తప్ప. చివరికి, "వెళ్లు. గబుక్కున వచ్చెయ్" అంది. తర్వాత చిన్నపిల్లలాగా మొహం పెట్టి, "నువ్వు రాకపోతే ఈ ఊళ్లో నేను ఎవర్ని అడగాలే? ఏ భాషలో అడగాలి?" అంది. ఆ మాటకి కోడలికి ఏడుపు ఆగలేదు.

మర్నాడు పది కొట్టగానే వ్యాను బయల్దేరింది. వెనక ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యాబేజీ. ముందు సీట్లో టీచరు సంచీ ఒళ్లో పెట్టుకుని ముడుచుకుపోయి కూర్చుంది. దుకాణాల షట్టర్లు సగం మాత్రమే ఎత్తి, లోపల్నుంచి చేతులు మాత్రం బయటపెట్టి సరుకులు ఇస్తున్నారు. రొట్టెల దుకాణం ముందు బారు వీధి చివరిదాకా ఉంది కానీ ఎవరూ మాట్లాడుకోవడం లేదు, అందరూ బిగుసుకుపోయి కాపలా ఉన్న సైనికుడి వైపే చూస్తున్నారు. అంతమంది ఉండి అంత నిశ్శబ్దమేమిటో అనుకుందామె. చౌరస్తాలో ఒక బస్సు కాలిపోయి ఉంది. దాని పక్కనే ట్రాఫిక్ దీపం ఎర్రగా, పచ్చగా మారుతూనే ఉంది. టముకు ఎర్ర దీపానికి బుద్ధిగా ఆగాడు. "ఎవరూ లేరు కదా అన్నగారూ!" అందామె. "ఎక్కడో ఒకడు చూస్తుంటాడు చెల్లెమ్మా" అన్నాడు.

రెండు చోట్ల ఆపారు. సైనికులు ఇనప చువ్వతో దుంపల బస్తాలు పొడిచి చూశారు. టముకు వాళ్లతో ఏళ్ల నాటి స్నేహితుల్లా కబుర్లు. ఈవిడ లెక్కల మేడమ్, మా భాషావిడే, తొమ్మిదేళ్లయింది వచ్చి, ఇంట్లో అత్తగారు ఉంది, ఆవిడకి చూపు ఆనదు, ఈవిడకి పరీక్ష పేపర్లంటే ప్రాణం! స్కూలు గేటు దగ్గర కూడా ఆ పురాణమే మొదట్నుంచీ విప్పాడు. ఒక్కొక్క మాటకీ టీచరు సీట్లో కుంగిపోయింది. అసలు సంగతి ఇతనికి తెలిసి ఉంటే ఇక్కడే దండోరా వేసేవాడు, చెప్పకపోవడం ఎంత మంచిదయింది అనుకుంది.

స్కూలు ఆవరణలో బాస్కెట్‌బాల్ స్తంభాల మధ్య తాడు కట్టి సైనికుల బట్టలు ఆరేశారు. ఆమె తరగతి గది కిటికీలోంచి చూస్తే, బెంచీలు రెండేసి కలిపి పక్కలు వేశారు. బ్లాక్‌బోర్డు మీద గురువారం నాటి ప్రశ్నలు సగం చెరిపి, ఆ సగంలో పహారా కాసేవాళ్ల వంతులు రాసుకున్నారు. మిగిలిన సగం ఆమె చేతిరాతే.

ఒక సైనికుడు వెంట వచ్చాడు. టీచర్ల గదిలో ఆమె సొరుగుకి తాళంచెవి పెట్టబోతే రంధ్రంలోకి పోదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని తిప్పింది. పద్దెనిమిది జవాబు పత్రాలు, వాటి కింద పుస్తకం. పత్రాలు తొమ్మిది పైన, తొమ్మిది కింద పెట్టి, పుస్తకం మధ్యలోకి తోసి, దారంతో కట్టేసింది. సైనికుడు ఆవలించాడు. మెట్లు దిగుతుంటే, ఇంక పదిహేను మెట్లు, ఇంక పది అని లెక్కపెట్టుకుంది.

"మేడమ్, ఒక్క నిమిషం."

హెడ్మాస్టరు గది గుమ్మంలో ఆఫీసరు నిలబడి ఉన్నాడు. చిన్నవాడే. కళ్లజోడు, శుభ్రంగా దువ్విన తల. కుర్చీ తనే లాగి కూర్చోమన్నాడు. అంతే మర్యాదగా ఆమె చేతిలోని కట్ట అందుకున్నాడు. దారం విప్పాడు. పత్రాలు తీసి పక్కన పెట్టాడు. పుస్తకం తెరిచి, ఒక్కొక్క పేజీ తిప్పి, గురువారం దగ్గర ఆగాడు.

"ఈ చివరి గడిలో ఏదో రాసి ఉంది. ఇది ఏ లిపి?"

"మా భాషది."

"ఏం రాశారు?"

"కారణాలు."

అన్నాక నాలుక కరుచుకుంది. మార్కులనో, ఫీజులనో అని ఉంటే పోయేది. కానీ తొమ్మిదేళ్లుగా ఆ గడి మీద వేలు పెట్టి అడిగినవాళ్లందరికీ గర్వంగా "కారణాలు" అని చెప్పిన నోరు అది. ప్రాణం మీదికి వచ్చినా అదే చెప్పింది.

ఆఫీసరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "చదవండి."

"బస్సు లేదు." అది నిజమే. రెండో పేరు దగ్గరికి వచ్చింది. "జ్వరం." మూడోది, "బస్సు లేదు." నాలుగోది, "కడుపునొప్పి."

ఆఫీసరు పెన్సిలు తీసి రెండోదాని మీద ఒక చుక్క, నాలుగోదాని మీద ఒక చుక్క పెట్టాడు. "ఈ రెండూ ఒకేలా ఉన్నాయి మేడమ్. మీ భాష నాకు రాదు. కళ్లు మాత్రం ఉన్నాయి."

ఆమె వేలు ఆ మాట మీదే ఉండిపోయింది. ఊరేగింపు, ఊరేగింపు, ఊరేగింపు అని కిందిదాకా తనే పెట్టిన అక్షరాలు. పట్టిచ్చేది తన చేతిరాతే.

"కంగారులో తప్పు చదివాను. అదీ జ్వరమే."

"ఇది?"

"జ్వరం."

ఆఫీసరు పెన్సిలుతో చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. "పదకొండు మంది. పదకొండు మందికీ ఒకే రోజు జ్వరమా?"

ఆమెకి, ఏ పిల్లవాడైనా ఎదురు ప్రశ్న వేస్తే క్లాసులో వచ్చే గొంతే వచ్చేసింది. "ఆ రోజు లెక్కల పరీక్ష సార్. నా పరీక్ష రోజు జ్వరాలు రాకపోతేనే వింత. మీకెప్పుడూ రాలేదా?"

గుమ్మంలో ఉన్న సైనికుడు ఫక్కున నవ్వి, వెంటనే మూతి బిగించుకున్నాడు. ఆఫీసరు పెదాల మీద కూడా ఒక నవ్వు వచ్చి పోయింది. పుస్తకం మూయబోయాడు. మూయబోయి ఆగాడు.

"కూరగాయల అతను మీ భాషవాడేనట కదా. గేటు దగ్గర చెప్పాడట. పిలవండి అతన్ని."

అయిపోయింది అనుకుంది టీచరు. అత్తగారి మొహం కళ్ల ముందు మెదిలింది.

టముకు మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోవడానికి వీల్లేదని ఆఫీసరు ముందే చెప్పాడు. పుస్తకం అతని వైపు తిప్పి, పెన్సిలు చుక్క ఉన్నచోట వేలు పెట్టాడు. "ఏం రాసి ఉంది?"

టముకు వంగి చూశాడు. చదివేటప్పుడు అతని పెదాలు కదులుతాయి. తొమ్మిదేళ్ల ఆదివారాలు తలుపు సందులోంచి ఆమె చూసిందే. ఇప్పుడూ కదిలాయి, ఒక్కసారి. చదివాడు. తర్వాత అతని కళ్లు ఎడమ పక్కనున్న పేర్ల మీదికి వెళ్లాయి. ఒక్కొక్క పేరూ దిగుతూ కిందిదాకా వెళ్లాయి. ఆమె వైపు మాత్రం చూడలేదు.

నిటారుగా నిలబడ్డాడు. "నాకు చదవడం రాదు సార్."

"నీ భాషే కదా?"

"మాట్లాడతాను సార్. చదువంటారా, మా నాన్న బళ్లోకి పంపితే కదా! పశువుల వెనకాల పంపాడు."

"రోజూ సంతకం పెడుతున్నావు."

"అదా సార్? అది బొమ్మ. గీసేస్తాను."

ఆఫీసరు గుమ్మం వైపు చూశాడు. ఇందాక నవ్విన సైనికుడే వచ్చి టముకు మెడ మీద ఒకటి వేశాడు. మొహం బల్ల అంచుకి కొట్టుకుని పెదవి చిట్లింది. "మళ్లీ చూడు" అన్నాడు ఆఫీసరు.

"ఎన్నిసార్లు చూసినా రానిది రాదు కదా సార్."

రెండో దెబ్బ పడింది. ఆపండి, నేను చెబుతాను అన్న మాట టీచరు గొంతుదాకా వచ్చింది. ఆమెకి ఇప్పటికీ సిగ్గు అది తలుచుకుంటే. ఇంకొక్క దెబ్బ పడితే ఆ పదకొండు పేర్లూ చెప్పేసేదే. అది తెలిసినట్టే, టముకు చేత్తో నోరు తుడుచుకుని నవ్వాడు. "నన్ను కొట్టి ఏం లాభం సార్, చదువుకున్నావిడ పక్కనే ఉంటే? ఆవిడ ఏం చెప్పింది?"

"జ్వరమంది."

"అయితే అదే అయ్యుంటుంది."

ఆఫీసరు చాలాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కలం ఆమె ముందుకి తోశాడు. ఒక్కొక్క పేరు పక్కనా ఇక్కడి భాషలో కారణం రాసి, కింద సంతకం పెట్టమన్నాడు. ఆమె పదకొండుసార్లు జ్వరం అని రాసింది. సొంత పుస్తకంలో ఆమె రాసిన మొదటి అబద్ధాలు అవి. చెయ్యి వణకలేదు. "ఇది నా దగ్గరే ఉంటుంది. ఎప్పుడైనా తప్పని తేలితే వాళ్లకంటే ముందు మీ ఇంటికే వస్తాం" అని, ఆ మర్యాదతోనే జవాబు పత్రాలు కట్టి చేతికిచ్చాడు.

వ్యాను రెండు వీధులు దాటాక టముకు పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు కానీ ఆ చేతులు ఒక చోట నిలవడం లేదు. ఆమె రుమాలు తీసి ఇచ్చింది.

"మీకు చదవడం వచ్చు కదా అన్నగారూ."

"చదివాను కాబట్టే రాదన్నాను చెల్లెమ్మా."

కాసేపయ్యాక, "నాకు ముందే ఒక ముక్క చెప్పాల్సింది" అన్నాడు. అతనికే అర్థమయింది. "అవున్లే, నాకెవరు చెబుతారు! నేను గేటు దగ్గర వాగకపోతే వాడు నన్ను పిలిచేవాడే కాదు" అని రుమాలు పెదవికి అదుముకున్నాడు. టీచరుకి తల ఎత్తబుద్ధి కాలేదు. తొమ్మిదేళ్లు ఇతన్ని చూసి తలుపు దగ్గరగా వేసుకున్నాను కదా అనిపించింది.

ఇంటికి వచ్చాక పెదవి చూసి అత్తగారు కంగారుపడితే, బస్తా మీద పడిందని అరగంటసేపు కథ చెప్పాడు. సన్న గొంతు, లావు గొంతు అన్నీ పెట్టి చెప్పాడు. అసలు సంగతి మాత్రం ఒక్క వీధికి కూడా చెప్పలేదు. సైన్యం ఆ స్కూల్లో ఉన్నన్నాళ్లూ, అతను చదువు రానివాడిగానే తిరిగాడు. రసీదుల మీద పేరు వంకరటింకరగా గీశాడు, సరుకుల చీటీ ఇస్తే సైనికుల చేతే చదివించుకున్నాడు. ఆదివారాలు పత్రికలు చదవడం మానేశాడు. ఎందుకు నాయనా అని అత్తగారు అడిగితే కళ్లు మసకలేస్తున్నాయన్నాడు. కథ సగంలో ఆగిపోయిందని ఆవిడ నెలరోజులు అతన్ని తిట్టుకుంది.

టీచరు ఆ రోజులన్నీ మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ గడిపింది. పైకి వచ్చే ప్రతి అడుగూ తన కోసమే అనిపించేది. ఎవరూ రాలేదు. నాలుగు వారాలకి సైన్యం వెళ్లిపోయింది. పుస్తకం ఏమైందో తెలియదు. ఆ ఆఫీసరు పట్టుకెళ్లాడో, గుట్టలో పడేశాడో, ఎక్కడో ఒక బీరువాలో ఉందో.

స్కూలు తెరిచిన రోజు ఆమె కొత్త పుస్తకం కొనలేదు. స్కూలువాళ్లిచ్చిన పట్టీయే తీసుకుని క్లాసుకి వెళ్లింది. ఒక్కొక్క పేరే పిలిచింది. ఆ పదకొండు మందిలో ఎవరు పలికినా ఊపిరి కొంచెం వదులుతోంది. పది మంది పలికారు. పదకొండో పేరు పిలిచింది. మళ్లీ పిలిచింది. పలకలేదు.

క్లాసు లీడరు లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. కారణం చెప్పడం ఆ పిల్ల పని, తొమ్మిది నెలల్నుంచి మేడమ్ నేర్పిన పని. "మేడమ్, వాడు ఎందుకు రాలేదంటే..."

"కూర్చో!"

అంత పెద్ద అరుపు తన నోట్లోంచి వస్తుందని టీచరుకే తెలియదు. ముందు వరసలో ఒకడి చేతిలో పెన్ను కింద పడింది. లీడరు కూర్చోలేదు, నిలబడే ఉండిపోయింది. మొహం తెల్లబోయింది. క్లాసంతా బిగుసుకుపోయి ఆమె వైపే చూస్తోంది. ఆ చూపు ఎక్కడ చూసిందో టీచరుకి వెంటనే గుర్తుకు వచ్చింది. రొట్టెల దుకాణం ముందు బారులో చూసింది. ఇప్పుడు పిల్లలు అలా చూస్తున్నది తనని.

రెండో పీరియడ్‌లో ఆ పదకొండోవాడు రొప్పుకుంటూ వచ్చాడు. బస్సు దొరకలేదట. ఆమె వాణ్ణి ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం లీడరు ఒంటరిగా టీచర్ల గది దగ్గరికి వచ్చింది. ఏడ్చి కళ్లు వాచాయి. "నేనేం తప్పు చేశాను మేడమ్?" అని అడిగింది.

"నువ్వేం చేయలేదమ్మా. తప్పు నాది."

ఆ పిల్ల వెళ్లలేదు. ఏ తప్పో చెబుతారేమోనని చూసింది. ఏ విషయమైనా కారణంతో సహా చెప్పే మేడమ్ కదా! టీచరు నోరు తెరిచింది. ఎదురుగా నిలబడ్డ పిల్లకి పదహారేళ్లు, మనసులో ఉన్నదంతా నాలుక మీదే ఉంటుంది. నువ్వు చెప్పిన పదకొండు కారణాలూ నేను రాసి పెట్టాను అని ఈ పిల్లకి ఎలా చెప్పడం? చెబితే ఇంక ఎప్పుడైనా నిద్రపోతుందా? ఆమె ఆ పిల్ల తల నిమిరి, క్లాసుకి టైమవుతోంది వెళ్లమంది. లీడరు కళ్లు తుడుచుకుని వెళ్లింది. ఆ ఏడాది చివరిదాకా ఆ పిల్ల మళ్లీ ఎవరి గురించీ ఆమెకి ఒక్క మాట చెప్పలేదు.